నీళ్ల మాట

నా చిన్నప్పుడు మా తాత మందలో ఒక కట్టడి ఉండేది. నీళ్లు కంటికి కనబడేదాకా ఎవరూ నీళ్ల మాట ఎత్తకూడదు. ఎండాకాలం ముదిరితే ఉదయగిరి కొండ కింద మా ఊళ్లో గడ్డి మాడిపోయేది, వాగులో చెలమలు ఎండిపోయేవి. అప్పుడు మూడు నాలుగు ఇళ్లవాళ్లం కలిసి గొర్రెలను తోలుకుని అనంతసాగరం వైపు, పెన్న ఒడ్డుకు నడిచేవాళ్లం. దారిలో సగం రోజు నడిచినా తడి తగలని చోట్లు ఉండేవి. ఒకడు దప్పిక అన్నాడంటే పది గొంతులు ఎండిపోతాయని, ఉన్న కాసిని నీళ్లూ అక్కడికక్కడే ఖాళీ అవుతాయని తాత భయం. పిల్లలం నోరు జారి అడిగితే తిట్టేవాడు కాదు. వినబడనట్టు ఊరుకుని ఏ పొట్టేలు సంగతో ఎత్తుకునేవాడు. లేదంటే ఒక గులకరాయి తుడిచి నోట్లో వేసుకోమని ఇచ్చేవాడు. దాన్ని చప్పరిస్తూ ఎన్ని మైళ్లు నడిచానో చెప్పలేను.

కొండల్లో ఆ కట్టడి మంచిదే. దానివల్లే మేమంతా బతికి బట్టకట్టామని ఇప్పటికీ అంటాను. కాకపోతే ఒకసారి మేము దాన్ని ఆసుపత్రికి కూడా వెంట తీసుకుపోయాం. ఆ సంగతి చెప్పాలనే ఇదంతా.

నాకు అప్పుడు పదేళ్లు. మా నాయనకు ఉన్నట్టుండి కడుపునొప్పి వచ్చింది. ఇంట్లో వాము నమిలించారు, ఆముదం రాసి కాపడం పెట్టారు. రెండో రోజుకు కడుపు ఉబ్బిపోయి పచ్చటి వాంతులు మొదలయ్యాక బండి కట్టి ఉదయగిరికి, అక్కణ్ణుంచి బస్సులో ఆత్మకూరుకు చేర్చారు. అక్కడ భార్యాభర్తలిద్దరూ డాక్టర్లుగా ఉన్న చిన్న ఆసుపత్రి ఒకటుండేది. పేగు మెలిపడిందని, కోసి సరిచేయకపోతే మనిషి దక్కడని చెప్పి ఆ పూటే ఆపరేషన్ చేశారు. ఇంటి దగ్గర నన్ను చూసేవాళ్లెవరూ లేరు కాబట్టి తాత, అవ్వ, అమ్మలతో పాటు నేనూ ఆ వరండాలోనే పడి ఉన్నాను.

ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ మా తాతను పిలిచి గట్టిగా చెప్పింది. పేగు మళ్లీ కదలాలి, కడుపులో గాలి కిందనుంచి పోవాలి, పోయిందని మీరొచ్చి నాతో చెప్పేదాకా గొంతులోకి చుక్క నీళ్లు కూడా దిగకూడదు. దిగితే కుట్లు విడిపోతాయి, ఆపైన నా చేతుల్లో ఏమీ ఉండదు అంది. అంత పెద్ద మనిషి అపానవాయువు కోసం ఇంటిల్లిపాదీ చెవులు రిక్కించుకుని కూర్చోవడం ఎప్పుడైనా చూశారా? మేము కూర్చున్నాం. నవ్వొచ్చే సంగతే గానీ ఆ నాలుగు రోజులూ మా వరండాలో ఎవరికీ నవ్వు రాలేదు.

మొదటి రోజు నాయన మత్తులో ఉన్నాడు. రెండో రోజు తెల్లవారి కళ్లు తెరిచి మొదట అడిగింది నీళ్లే. ముక్కులో గొట్టం, చేతికి సూది, సీసాలోంచి సెలైను బొట్టుబొట్టుగా ఎక్కుతోంది. అన్నేసి నీళ్లు ఒంట్లోకి పోతుంటే ఇంకా దప్పికేంటని మా అవ్వకు అనుమానం. ఒంటికి నీళ్లు అందుతున్నా నోటికి ఆ సంగతి తెలియదని అప్పుడు మాలో ఎవరికీ తెలియదు. తాత మమ్మల్ని పక్కకు పిలిచి, కొండలో చెప్పినట్టే చెప్పాడు. ఎవరూ నీళ్ల మాట ఎత్తొద్దు. వాడు అడిగితే వినబడనట్టు ఉండండి, వేరే సంగతి చెప్పండి. నాలుగుసార్లు అడిగి వాడే మరిచిపోతాడు అన్నాడు. వరండాలో ఉన్న కుండను నాయన కంటికి ఆనకుండా గోడవతలకు జరిపించాడు.

మేము కొండలో పెరిగినవాళ్లం. అలా మాట మార్చడం మాకు కొత్త కాదు. నాయన నీళ్లు అనగానే అవ్వ చూడి గొర్రె సంగతి తీసేది. అమ్మ తల వంచుకుని దుప్పటి సర్దేది, సర్దిన దుప్పటినే మళ్లీ సర్దేది. నన్ను అడిగితే, తెల్ల గొర్రెకు రెండు పిల్లలు పుట్టాయని, ఒకదాని చెవి నల్లగా ఉందని చెప్పేదాన్ని. నాయన నా ముఖంలోకి చూస్తూ, నేను చెప్పేది ఆగేదాకా ఆగి, మళ్లీ నీళ్లు అనేవాడు. నేను మళ్లీ ఆ గొర్రెపిల్ల దగ్గరకే పోయేదాన్ని. అంతకంటే పెద్ద సంగతులు నా దగ్గర ఏముంటాయి. తన కన్నకూతురు తన మాట వినబడనట్టు నటిస్తోందని ఆయనకు తెలియకుండా ఉంటుందా? ఇప్పుడు తలుచుకున్నా సిగ్గేస్తుంది.

మూడో రోజు మధ్యాహ్నానికి నాయన అడగడం మానేశాడు. ఎవరు పలకరించినా కళ్లు తెరవలేదు, ముఖం గోడవైపు తిప్పుకుని పడుకున్నాడు.

"చూసినారా, మరిచిపోయినాడు. నేను చెప్పలా?" అన్నాడు తాత. ఆ ధైర్యంతో టీ తాగొస్తానని బస్టాండు వైపు వెళ్లాడు. అవ్వ, అమ్మ వరండాలో కొంగులు పరుచుకుని కునుకు తీశారు. మూడు రోజులుగా వాళ్లకు కంటిమీద కునుకు లేదు.

నేను మంచం అవతలివైపు వెళ్లి చూశాను. నాయన మరిచిపోలేదు. మంచం ఇనుప కడ్డీకి నాలుక ఆనించి పెట్టుకుని ఉన్నాడు. ఇనుము చల్లగా ఉంటుంది కదా. నాలుక పిడచకట్టుకుపోయి, పెదవులు పగిలి నెత్తురు చెమర్చి ఉన్నాయి. కాసేపటికి ఆ చోటు వేడెక్కినట్టుంది, తల కొంచెం జరిపి కడ్డీకి ఇంకోచోట ఆనించుకున్నాడు. పొట్టేళ్లను కొమ్ములు పట్టి ఆపగలిగిన మా నాయన అట్లా ఇనుప కడ్డీ నాకుతూ కనబడ్డాడు. డాక్టరమ్మ చెప్పింది నాకు తెలుసు. తెలిసే వెళ్లాను. గోడవతల కుండలోంచి గ్లాసు నిండా ముంచుకుని, పరికిణీ చాటున పెట్టుకుని వచ్చాను. ఒక్క గుక్కే కదా అనుకున్నాను.

గ్లాసు చూడగానే నాయన నోరు తెరిచాడు. వద్దనలేదు, అటూ ఇటూ చూడలేదు. నేను గ్లాసు వంచబోతుండగా వెనకనుంచి ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు. అనుమసముద్రంపేట నుంచి రోజూ బస్సులో వచ్చి పనిచేసే ఆయమ్మ. యాభై ఏళ్లుంటాయి, సన్నగా పొడుగ్గా ఉండేది, ఆ మూడు రోజుల్లో ఆమె ఎవరితోనూ పట్టుమని నాలుగు మాటలు మాట్లాడగా నేను చూడలేదు. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. గ్లాసు మెల్లగా నా చేతిలోంచి తీసుకుని, నాయనకు కనబడేటట్టు స్టూలు మీద పెట్టింది. తర్వాత ఆయన ముఖం మీదకు వంగి అడిగింది.

"దప్పికగా ఉండాదా అన్నా?"

మూడు రోజుల్లో ఆ మాట ఎత్తిన మొదటి మనిషి ఆమే. మా నాయన ఏడ్చాడు. మూడు రోజులుగా చుక్క నీళ్లు తాగని మనిషికి కన్నీళ్లు ఎక్కడివో గానీ, చెవుల్లోకి కారేంతగా ఏడ్చాడు. ఆమె కొంగుతో తుడిచి, కంగారు లేకుండా ఇంకా అడిగింది. నాలుక ఎండిందా, గొంతా? లోపల మంటగా ఉందా? నాయన నాలుక చూపించాడు. తాగడానికి ఇంకా వీల్లేదని, తాగితే కుట్లు ఊడతాయని, కానీ నోరు తడుపుకోవచ్చని డాక్టరమ్మ చెప్పిందని, చుక్క కూడా మింగనని మాట ఇస్తే తానే తడుపుతానని ఆయనకే చెప్పింది. పక్కనున్న నాకు కాదు. నాయన తల ఊపాడు.

ఆమె నన్ను పంపి కుండలోంచి చల్లటి నీళ్లు ఒక గిన్నెలో తెప్పించింది. శుభ్రమైన గాజుగుడ్డ ముక్క వేలికి చుట్టుకుని, ముంచి, చుక్క రాలనంతగా పిండింది. ముందు పెదవులు అద్దింది. తర్వాత బుగ్గల లోపల, చిగుళ్ల మీద, నాలుక పైన, నాలుక కింద, గాజుల పెట్టె తుడిచేంత నిదానంగా తుడిచింది. తల పక్కకు తిప్పించి ఉమ్మేయించింది. గుడ్డ మార్చి మళ్లీ అదంతా మొదటినుంచి చేసింది. ఆఖరున తన అన్నం గిన్నెలోంచి వేలితో కాస్త వెన్న తీసి పగిలిన పెదవులకు రాసింది. నాయన గొంతులోంచి ఒక నిట్టూర్పు వచ్చింది. అప్పటిదాకా బిగుసుకుని ఉన్న పిడికిళ్లు వదులయ్యాయి.

"నోరు తడిచేదానికి గ్లాసు అక్కర్లేదు పాపా, ఇంత గుడ్డ చాలు," అని ఆమె నా వేలికి గుడ్డ చుట్టి, పిండడం ఎట్లాగో రెండుసార్లు చేయించి చూసి, నాయన నోరు నాచేత తుడిపించింది.

సరిగ్గా అప్పుడు తాత వచ్చాడు. స్టూలు మీద నీళ్ల గ్లాసు కళ్లెదురుగా ఉంది. కొడుకు నోట్లో నా వేలుంది. తాతకు ఒళ్లు మండిపోయింది.

"నీళ్ల మాట ఎత్తొద్దని చెప్పినాను గదా. మరిచిపోయి పడుకోనుంటే మళ్లా గుర్తుచేస్తారా? ఏంది మీ కథ?" అన్నాడు.

ఆయమ్మ లేవలేదు, గొంతు పెంచలేదు. కట్టడి ఏంటో తెలుసుకుంది, కొండల్లో ఎందుకు పెట్టుకున్నారో తాత చేతే చెప్పించుకుంది. అంతా విని అంది.

"కొండలో నీళ్లు ఎవురికీ లేవు పెద్దాయనా. మీకూ లేవు, ఆయనకూ లేవు. అందుకని అందురూ నోరు మూసుకుంటిరి. ఇక్కడ మీరందురూ తాగతా ఉండారు, ఆయనొక్కడికే లేవు. రెండూ ఒకటి ఎట్లయితాది? ఆయన మరిచిపోలా. మీరు ఇనరని అడగడం మానుకున్నాడు, అంతే."

తాత వదిలిన చెప్పులు మళ్లీ తొడుక్కుని బయటికి వెళ్లిపోయాడు. ఊళ్లో అయితే ఆడమనిషి ఆయన మాటకు అడ్డం చెప్పడం అనేది లేదు. రోషం వచ్చి వెళ్లాడనుకున్నాం. ఆసుపత్రి గేటు దగ్గర మెట్టు మీద చాలాసేపు కూర్చున్నాడని తర్వాత అవ్వ చెప్పింది.

సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే తిరిగొచ్చాడు. కాళ్లూ చేతులూ కడుక్కుని మంచం పక్కన కూర్చున్నాడు. మా తాత దప్పిక అనే మాట నోటితో అనగా నేను పుట్టి అప్పటిదాకా వినలేదు. ఆయనకు అది ఎంత కష్టమైందో పక్కనుంచి చూశాను. రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. ఒకసారి గొర్రెల సంగతి ఎత్తబోయి ఆగిపోయాడు.

"అబ్బయా, దప్పికగా ఉండాదా?"

"ఉండాది నాయనా," అన్నాడు మా నాయన.

"ఉంటాది. ఇయ్యగూడదంట. నోరు తడపమంటావా?"

నాయన నోరు తెరిచాడు. ఈనలేక అల్లాడే గొర్రెల కడుపులోంచి ఎన్నో పిల్లలను బయటికి తీసిన ఆ మొద్దు వేళ్లకు గుడ్డ చుట్టుకుని తాత కొడుకు నోరు తుడిచాడు. ఎంత సేపటికి తడారిపోతుందో, మళ్లీ ఎప్పుడు తడపాలో నాయననే అడిగి తెలుసుకున్నాడు. నాయన మాత్రం ఇక మమ్మల్ని నీళ్లు ఇవ్వమని అడగలేదు. ఎంత దప్పికగా ఉందో చెప్పేవాడు. ఇందాక కంటే నయం, ఇప్పుడు మళ్లీ ఎండింది, గొంతు కాదు నాలుక చివర అనేవాడు. మేము వినేవాళ్లం. దప్పిక పోయిందని నేను అనను, పోలేదు. కానీ ఆ ఇనుప కడ్డీ వైపు ఆయన మళ్లీ తిరగలేదు.

మర్నాడు మధ్యాహ్నం మేమంతా ఎదురుచూస్తున్న శబ్దం వినబడింది. అవ్వ చేతులెత్తి దండం పెట్టింది. తాత డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాడు. ఆమె వచ్చి కడుపు మీద గొట్టం పెట్టి విని, చెంచాతో నీళ్లు పట్టమంది. నాయన ఆ తర్వాత ముప్పై ఏళ్లు బతికాడు. ఆ రోజుల సంగతి వస్తే కోత గురించి, నొప్పి గురించి చెప్పేవాడు కాదు. "అడుగుతుంటే గొర్రెపిల్లకు చెవి నల్లగా ఉండాదని చెప్పినావే," అని నా వైపు చూసి నవ్వేవాడు. నవ్వేవాడే గానీ అది మరిచిపోలేదని నాకు తెలుసు. కొండల్లో తాత కట్టడి తాత ఉన్నంతకాలం అట్లాగే నడిచింది. ఆసుపత్రి గడప దాకానే దాని హద్దు అని మా ఇంట్లో ఎవరూ పైకి చెప్పకుండానే తేలిపోయింది.

ఆ మూడో రోజు నా వేలికి చుట్టిన గుడ్డను ఇంకా విప్పలేదనే చెప్పాలి. అమ్మకు పక్షవాతం వచ్చినప్పుడు నేనే, అత్తగారి కిడ్నీలు దెబ్బతిని రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని కొలత పెట్టినప్పుడు నేనే. మా వైపువాళ్లలోనూ, మా ఇంటాయన వైపువాళ్లలోనూ ఎవరికి జబ్బు చేసినా, ఆమెకైతే అలవాటే కదా అని నాకు ఫోను చేస్తారు. అలవాటైతే అలసట ఉండదని వాళ్ల ఉద్దేశం కాబోలు. ఆసుపత్రుల ప్లాస్టిక్ కుర్చీల్లో ఎన్నిసార్లు తెల్లవారిందో, ఎంతమందిని నీకు దప్పికగా ఉందా అని అడిగానో నాకే గుర్తులేదు. అడిగినవాళ్లందరూ బతకలేదు. తడిపిన పెదవులు నా చేతిలోనే చల్లబడిన రోజులూ ఉన్నాయి. విసుగొచ్చింది. నిజం చెప్పడానికి నాకేం భయం, చాలా విసుగొచ్చింది.

ఇప్పుడు మా ఇంటాయన వంతు. ఊపిరితిత్తులకు చీము పట్టి నెల్లూరులో ఐసీయూలో పెట్టారు. ఇరవై రోజులైంది. గొంతులో గొట్టం వేసి మిషనుతో ఊపిరి పెట్టారు. పూటకు పది నిమిషాలు లోపలికి పోనిస్తారు, అదీ టోపీ, గౌను తొడుక్కుని. మిగతా పొద్దంతా కింద హాల్లో కూర్చోవడమే. నేను పోయిన ప్రతిసారీ ఆయన చెవి దగ్గర దప్పికగా ఉండాదా అని అడిగాను. మత్తులో ఉన్నాడమ్మా, తెలియదు అన్నారు నర్సులు. తెలియకపోతే పోనీ, అడగడానికి ఏం పోయింది అన్నాను. ఆరో రోజు అడిగితే రెప్ప గట్టిగా మూసి తెరిచాడు. పక్కనున్న నర్సు చూసింది. కొండాపురం మండలం పిల్ల, మా మనవరాలి వయసు. ఆ పిల్ల చిన్న సీసాలో చల్లటి నీళ్లు తెచ్చి నోట్లో మంచులాగా చిమ్మింది, స్పాంజి పుల్లతో నాలుక తుడిచి లోపలి తడిని గొట్టంతో లాగేసింది, పెదవులకు చలవ మందేదో రాసింది. ఇప్పుడు దీన్ని చదువులో నేర్పుతారట. దప్పిక ఎంత ఉందో పది వేళ్లలో చూపించమని రోగినే అడగాలట. మంచి పని చేస్తున్నారు తల్లీ అన్నాను. అప్పటినుంచి నేను రాని వేళల్లో కూడా ఆ పిల్ల ఆయన్ని అడిగేది.

మొన్న పొద్దున గొట్టం తీసేశారు. మింగడం సరిగ్గా వచ్చిందో లేదో చూసేదాకా నోటికి ఏమీ ఇవ్వొద్దన్నారు. నా పది నిమిషాలకు లోపలికి పోయి, ఎప్పటిలాగే వంగి అడిగాను. ఆయన కొంచెం తల ఊపాడు. నేను స్పాంజి పుల్ల తడుపుతుంటే నా ముఖంలోకే చూస్తూ ఉన్నాడు. పుల్ల నోటి దాకా తెచ్చాక పెదవులు కదిలించాడు. గొంతు రాలేదు, గాలి మాత్రం వచ్చింది. చెవి దగ్గరగా పెట్టాను.

"నువ్వు తాగినావా?" అన్నాడు.

పొద్దున్నించి నేను నీళ్లు ముట్టలేదని అప్పుడు తెలిసింది. ఇరవై రోజుల్లో ఎంతమందో ఫోన్లు చేశారు. ఆయనకు ఎట్లా ఉందని అడిగారు, డాక్టర్లు ఏమన్నారని అడిగారు. నా నోరు ఎండిందేమోనని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. లేదు అన్నాను. అని, పుల్ల చేతిలో పట్టుకునే ఏడ్చాను. నర్సు పిల్ల ఏమైందమ్మా అని దగ్గరికొచ్చింది. ఏమీ కాలేదని దానికి ఎట్లా చెప్పను. ఒక మనిషి దప్పికను ఇంకో మనిషి అడగాలని ఆ రోజు ఆత్మకూరులో నేర్చుకుని, ఇన్నేళ్లూ అందరినీ అడుగుతూ వచ్చాను. అడిగించుకున్నవాళ్లకు ఎట్లా ఉంటుందో మాత్రం మొన్ననే తెలిసింది.